దోనెముడి

మా మనవరాలు హాసినికి జుట్టు నడుం దాటి ఉంటుంది. మా ఇంటి ఆడపిల్లలకి ఆస్తులు రాకపోయినా ఈ జుట్టు మాత్రం తప్పకుండా వస్తుంది. మొన్న గూడెంలో మా ఇంటికి వచ్చినప్పుడు నా మంచం మీద బాసింపట్టు వేసుకు కూర్చుని, ఫోనులో ఎవరో పిల్ల జుట్టు ముడి వేసుకోవడం దీక్షగా చూస్తోంది. ఏంటే అది అంటే, "ప్రయాణాల్లో పొడుగు జుట్టుకి ఈజీగా వేసుకునే ముళ్ళు అమ్మమ్మా, చిటికెలో అయిపోతాయంట" అంది. కళ్ళజోడు పెట్టుకుని నేనూ చూశాను. ఆ పిల్ల ముందు ఒక బల్ల, దాని మీద రబ్బరు బ్యాండ్లు, పిన్నులు, క్లచ్చులు, ఒక పట్టుగుడ్డ, దోమలమందు లాంటి స్ప్రే డబ్బా. ముందొక అద్దం, వెనకొక అద్దం. రెండు చేతులూ నెత్తి మీదికెత్తి, మోచేతులు కొబ్బరిమట్టల్లాగా అటూ ఇటూ చాపి, చాలాసేపు ఏదో చేసి, చివరికి నవ్వి, చూశారా ఎంత సులువో అంది. "ఈ పిల్ల ప్రయాణం చేసేది ఎందులోనే, పెళ్ళిపందిట్లోనా?" అన్నాను. పాసింజరు బండి లేడీస్ పెట్టెలో అలా మోచేతులు చాపితే అటు ఒకావిడ కన్నూ ఇటు ఒకావిడ పన్నూ పోతాయి. తర్వాత మన జుట్టు ఎలాగూ మిగలదు, వాళ్ళే పీకేస్తారు.

హాసిని చదివింది జంతుశాస్త్రం. నీటిపక్షుల మీద పరిశోధనకి సీటొచ్చింది. చేరితే నెలలో సగం రోజులు కొల్లేట్లో పడవ మీదే గడపాలంట. చేరేదీ లేనిదీ తొందరగా తేల్చమన్నారు. వాళ్ళమ్మ, అంటే నా కూతురు, "పక్షులెక్కడికీ పోవు, పెళ్ళయ్యాక చూసుకోవచ్చు" అంటుంది. పెళ్ళయ్యాక చూసుకోవచ్చు అన్న పనిని పెళ్ళయ్యాక ఎవరూ చూసుకోరని నాకూ తెలుసు, హాసినికీ తెలుసు, అసలు వాళ్ళమ్మకీ తెలుసు. ఈలోగా సంబంధాలు చూసే ఆవిడ ఒకరు నేరుగా హాసినికే వేళాపాళా లేకుండా ఫోను చేస్తుంటారు. ఇది పాపం మర్యాదగా ఎత్తి "చెప్పండి ఆంటీ" అంటుంది. ఆవిడ చెబుతూనే ఉంటారు. ఒకసారి ఎత్తిన ఫోను దింపడం మా ఇంట్లో ఎవరికీ చాతకాదు. ఆ రోజు కూడా ఆవిడ ఫోను రావడం, ఇది కంగారుగా లేవడం, జుట్టుకున్న క్లచ్ ఊడి పడటం, మళ్ళీ కూలబడింది దాని మీదే కావడం, అన్నీ ఒక్కసారే జరిగాయి. క్లచ్ ముక్కలైంది. జుట్టంతా నా దుప్పటి మీదికి జారింది. ఆవిడ అబ్బాయిగారి గుణగణాలన్నీ చెప్పి వదిలిపెట్టాక, "రేపు పొద్దున్నే ఆకివీడు వెళ్ళి పడవెక్కి చూసి రావాలి అమ్మమ్మా. ఈ జుట్టుతో నావల్ల కాదు, కత్తిరించేసుకుంటా. ఆ సీటు కూడా వదిలేస్తాలే, ఈ గోల పడలేను" అంది.

రెండు మాటలూ ఒక్క గుక్కలో అనేసింది. నా చేతులు నాకోసం ఆగలేదు. దాని జుట్టు భుజం మీంచి ముందుకి లాగి, మెలిపెట్టి, వేళ్ళకి చుట్టి, కొస లోపలికి దూర్చి వెనక్కి తోసి, చేతికందిన పెన్సిలు గుచ్చేశాను. ఇన్నేళ్ళయినా మర్చిపోలేదు వెధవ చేతులు. హాసిని తల అటూ ఇటూ ఊపి చూసింది. ఊడలేదు. "ఇదేం ముడి అమ్మమ్మా?" అంది. "దోనెముడి. దీన్ని చూసి ఒకప్పుడు నాకు పెళ్ళయిపోయిందన్నారు. కడుపు కూడా అన్నారు" అన్నాను. ఇంకేముంది, ఫోను పక్కన పడేసి నా మీదికి జరిగింది.

మాది పెంటపాడు. ఊరి చుట్టూ వరి, వరి చుట్టూ కాలవలు, కాలవగట్టు మీద మా నాన్నగారి సైకిలు. నాకు ఏలూరు కాలేజీలో బి.ఎస్సీ. సీటొచ్చినప్పుడు హాస్టల్లో పెడదామని ఎవరో అంటే, "హాస్టల్లో పప్పులో మొహం కనిపిస్తుందంటండీ, మా అమ్మాయి చిక్కిపోతుంది" అని నాన్నగారు ఒప్పుకోలేదు. కాబట్టి రోజూ ప్రయాణమే. గూడెం స్టేషను దాకా సైకిలు వెనక, అక్కణ్ణించి ఏలూరుకి పొద్దుటి పాసింజరు. ఆ బండి తప్పితే తర్వాతది నన్ను సరిగ్గా భోజనాల వేళకి దింపేది. "భోజనం చెయ్యడానికి ఏలూరు దాకా ఎందుకమ్మా, గూడెంలో హోటళ్ళు లేవా?" అని మా ప్రిన్సిపాల్‌గారు ఒకసారి ఎంతో మర్యాదగా అడిగారు. నాకు తలకొట్టేసినట్టయింది. కాలేజీ అంటే నాకు అంత ప్రాణం. బోటనీ లాబులో ఆకు పొరని అద్దం మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చూసిన రోజునే, నేను సైన్సు టీచరునై తీరాలని అనుకున్నాను. అడ్డమల్లా నా తల మీదున్నదే.

నా జుట్టు అప్పట్లో మోకాళ్ళు తాకేది. ఇప్పటి నా ఎలకతోక చూసినవాళ్ళు నమ్మరు, నమ్మకపోతే పోనివ్వండి. దాన్ని రోజూ దువ్వి జడ వెయ్యడం మా అమ్మ పని. కోడి కుయ్యకముందే నన్ను లేపి, వంటింటి గడప దగ్గర పీట వేసి కూర్చోబెట్టేది. మందారాకు వేసి కాచిన కొబ్బరినూనె గోరువెచ్చగా నడినెత్తిన పోసి తట్టేది. పొయ్యి పొగా, ఆ నూనె వాసనా, అటుపక్క కాగుతున్న పాల వాసనా కలిసి నాకు మళ్ళీ నిద్ర ముంచుకొచ్చేది. అప్పుడు చిక్కు తియ్యడం మొదలు. మా అమ్మకి చేతులాడితే నోరూ ఆడాలి. ఒక్కో చిక్కు దగ్గర ఒక్కో పాత కష్టం గుర్తొచ్చేది. మా మామ్మ మా అమ్మ పెళ్ళిచీర ఎవరికో ఇచ్చేసిన సంగతి చెవి వెనక చిక్కు దగ్గర, మా పెద్ద మేనమామ పొలం గట్టు జరిపిన సంగతి మెడ దగ్గర. కోపం ఎక్కువైతే దువ్వెన గట్టిగా పడేది. ఆవిడ కష్టాలు తీరేదాకా నా చిక్కు తీరేది కాదు. అవతల వీధిలో నాన్నగారు సైకిలు బెల్లు మోగిస్తూ ఉండేవారు. మొదట చిన్నగా, తర్వాత పెద్దగా, చివరికి ఊరంతా లేచేలాగా. ఆదివారం తలంటి సంగతి చెప్పనే అక్కర్లేదు. కుంకుడురసం కళ్ళలో పడి నేను, కుంకుళ్ళు కొట్టి కొట్టి చేతులు పడిపోయి అమ్మ, సాంబ్రాణి పొగకి దగ్గుతూ నాన్నగారు, ఇంటిల్లిపాదీ ఏడుస్తూ ఉండేవాళ్ళం. ఎదురింటివాళ్ళు కొత్తగా వచ్చినప్పుడు, పాపం ఎవరైనా పోయారేమోనని చూసి వెళ్ళారు.

ఇలా ఉండగా ఒకరోజు హడావుడిలో సైకిలెక్కాను, జడ వెనక చక్రంలో పడింది. కాలవగట్టు మీద సైకిలు ఆగిపోయింది. నాన్నగారు దిగి, చక్రం కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పుతుంటే, దాంతోపాటు నా తలా వెనక్కి తిరిగేది. పొలాలకి వెళ్ళేవాళ్ళు ఒక్కొక్కరూ ఆగి సలహాలు మొదలుపెట్టారు. చక్రం విప్పండన్నాడొకాయన. నూనె రాయండన్నాడు ఇంకొకాయన. నూనె రాసినందుకే కదండీ ఇంత మెలి పడింది, అన్నారు నాన్నగారు నీరసంగా. దూరంగా బండి కూత వేసి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక ఆయన అమ్మతో, "ఇంకోసారి బండి తప్పిందంటే జుట్టు కత్తిరిస్తావో, చదువు మానిపిస్తావో నువ్వే తేల్చుకో. రైలునీ జడనీ రెండిటినీ పట్టుకోవడం నావల్ల కాదు" అన్నారు. "జుట్టు కత్తిరిస్తే రేపు పిల్లనెవరు చేసుకుంటారండీ?" అంది అమ్మ. అంటే తేలిపోయినట్టే. నేను పెరట్లోకి వెళ్ళి ఏడుస్తూ కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడు చేపల వాసన వచ్చింది. మా ఇంట్లో చేపల వాసన వచ్చిందంటే మాణిక్యం అత్తయ్య వచ్చినట్టు. ఆవిడ మా నాన్నగారి అక్కగారు. కొల్లేటి మధ్య లంకలో ఇచ్చారు. వానాకాలం ఆ ఊరి చుట్టూ నీళ్ళే, ఎక్కడికి వెళ్ళాలన్నా తాటిమాను తొలిచి చేసిన దోనె ఎక్కాల్సిందే. కొర్రమీను బుట్ట చంకలో పెట్టుకుని, దోనె దిగి, బస్సెక్కి, నడిచి, మా గుమ్మంలోకొచ్చేసరికి కూడా ఆవిడ ముడి చెక్కు చెదిరేది కాదు. పిడికిలంత ముడి కాదు, చిన్న కొబ్బరికాయంత. కిక్కిస అని కొల్లేట్లో ఏపుగా పెరిగే గడ్డి ఒకటుంటుంది. ఆ పుల్ల ఎండితే వెదురంత గట్టి. అది ఒక్కటే ఆ ముడికి ఆధారం. ముడి లోపల మాత్రం బస్సు టిక్కెట్టూ, సూదీ దారం, లవంగాలూ, పళ్ళు తోముకునే వేపపుల్లా అన్నీ ఉండేవి. ఏదైనా కావాలంటే కొంగు వెతుక్కునేది కాదు, తల గోక్కునేది.

సంగతంతా విని ఆవిడ, "జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే కదే. దీనికి ఏడుపెందుకు?" అని నన్ను వెనక్కి తిప్పి కూర్చోబెట్టింది. జుట్టంతా ఎడమ భుజం మీంచి ముందుకి లాగింది. తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టమంది. రెండు వేళ్ళకి చుట్టి, కొస ఆ చుట్టలోకి దూర్చి, మొత్తాన్ని మెడ మీదికి తోసి, అడ్డంగా పుల్ల గుచ్చమంది. ఇదంతా చేస్తున్నంతసేపూ మోచెయ్యి పక్కటెముకలు దాటి పైకి లేవకూడదు. ఎందుకంటే దోనెలో కూర్చుని రెండు చేతులూ పైకెత్తితే దోనె ఊగుతుంది, ఊగితే మునుగుతుంది. అందుకని కొల్లేటి ఆడవాళ్ళు ఈ పద్ధతి కనిపెట్టుకున్నారు. నాకేమో ప్రతిసారీ మోచెయ్యి లేచేది. "ఎత్తకు" అనేది అత్తయ్య. మళ్ళీ లేచేది. "ఎత్తకు." ఎంతకీ లాభం లేదని అటక మీంచి ఇత్తడి గంగాళం దింపించి, పెరట్లో నూతిగట్టు పక్కన పెట్టి, నన్ను అందులో కూర్చోబెట్టింది. దాని అడుగు గుండ్రం. మోచెయ్యి కొంచెం లేచినా గంగాళం ఒరిగి గట్టుకి తగిలి ఖంగుమనేది. "మునిగావు. మళ్ళీ వెయ్యి" అనేది అత్తయ్య. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "ఏవండీ, అమ్మాయిని గంగాళంలో కూర్చోబెట్టారేంటండీ?" అంది. "దిష్టి తీస్తున్నామండీ" అంది అమ్మ తడుముకోకుండా. సాయంత్రానికి ఖంగు మానేసింది. పక్కింటావిడ మాత్రం తన కూతురికి కూడా దిష్టి తీద్దామని గంగాళం అరువు అడిగి పట్టుకెళ్ళింది.

మర్నాడు చిక్కు తియ్యకుండానే జుట్టు వదులుగా కట్టుకుని, దాన్ని కొంగులో మూటకట్టి, సైకిలెక్కి బండి అందుకున్నాను. లేడీస్ పెట్టెలో ఊపిరి పీల్చుకోడానికి కూడా వంతులే. నా ముందొక కూరగాయల గంప, వెనక ఒక పెరుగు కుండ. కాళ్ళు కదలకుండా, మోచేతులు లేవకుండా, ఉంగుటూరు వచ్చేలోపు ముడి వేసి పుల్ల గుచ్చాను. ఎవరికీ చెయ్యి తగల్లేదు. పెట్టెలో ఆడవాళ్ళంతా నన్నే చూశారు. కూరగాయలావిడ గంప జరిపి, "ఇలా కూర్చో తల్లీ" అని చోటిచ్చింది. నేను మురిసిపోయి కూర్చుని, రైలు పాసు పదిలంగా ముడిలో దాచుకుందామని చేతిలోకి తీశాను. "ఏ ఊరిచ్చారమ్మా?" అంది ఆవిడ. పాసు సంగతి అడుగుతోందనుకున్నాను. "ఏలూరిచ్చారండీ" అన్నాను. మంచి ఊరే అంది. కాసేపు నా మొహంలోకి చూసింది. తెల్లవారుజామున లేచి, పరగడుపున సైకిలు మీద గతుకుల్లో వచ్చిన మొహం ఎలా ఉంటుందో అలాగే ఉంది. గొంతు తగ్గించి, "ఎన్నో నెలమ్మా?" అంది. అది మూడు నెలల పాసు. "మూడో నెలండీ. ఈ నెలతో అయిపోతుంది" అన్నాను. ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుని, "తప్పు తల్లీ, అలా అనకూడదు. తొమ్మిదీ నిండాలి" అంది. రైల్వేవాళ్ళు మూడు నెలలకి మించి ఇవ్వరు కదా అనుకుంటూనే, ఆవిడ పెట్టిన పుల్ల మామిడికాయ ముక్క ఉప్పద్దుకుని ఆనందంగా తిన్నాను. ఆకలేస్తోంది మరి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఈ కాలం పిల్లలకి తెలియదు. మా రోజుల్లో పెళ్ళికాని పిల్లకి జడే. ముడి వేసుకుందంటే పెళ్ళయినట్టే లెక్క. ఇంట్లో వంట చేసేటప్పుడు ఎలా చుట్టుకున్నా ఎవరూ చూడరు గానీ, నలుగురిలో జడ వేసుకోని కన్నెపిల్ల ఉండేది కాదు. బండి అందుకునే కంగారులో ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకసలే తట్టలేదు. పెట్టె మూలన కూర్చుని ఇదంతా చూసిన అత్తిలి సత్యవతి పిన్నికి మాత్రం చప్పున తట్టింది. ఆవిడ మాకు దూరపు చుట్టం, ఏలూరులో కూతురింటికి వెళుతోంది. గంప అడ్డమై నేనావిడని చూడలేదు.

ఆదివారం మా తలంటి ఏడుపుల మధ్యలో సత్యవతి పిన్ని గుమ్మంలో దిగింది. చేతిలో పసుపూ కుంకుమా, జాకెట్టుముక్క, డబ్బా నిండా సున్నుండలు. కళ్ళ నిండా నీళ్ళు. "పప్పన్నం పెట్టకపోతే పోనివ్వండి అక్కయ్యగారూ, ఒక్క కార్డుముక్క రాయలేకపోయారా?" అంది అమ్మతో. అమ్మకి ఏమీ అర్థం కాలేదు. "ఎవరి పెళ్ళి సత్యవతీ?" అంది. "దాచకండి. ముడి నా కళ్ళతో చూశాను. మామిడికాయ కూడా చూశాను. అల్లుడుగారిది ఏలూరంట, మూడో నెలంట, అమ్మాయే చెప్పింది." కాఫీ తాగుతున్న నాన్నగారికి పొలమారింది. అమ్మ ఆయన నెత్తి మీద తడుతూ, తను చెంపలు వేసుకుంటూ, రెండు పనులకీ ఒకే చెయ్యి వాడింది. నేను కుంకుడురసం కారుతున్న తలతోనే పరిగెత్తి పాసు తెచ్చి, "పిన్నీ, ఇది పిన్నీ మూడో నెల. పాసు" అని చూపించాను. ఆవిడ ఆ ముక్క వెనకా ముందూ తిప్పి చూసి, "పాసయ్యావా తల్లీ? పెళ్ళయ్యాక కూడా చదివిస్తున్నాడంటే బంగారంలాంటి అబ్బాయి" అని నా బుగ్గలు పుణికింది. కాదనేకొద్దీ ఆవిడకి ఇంకా గట్టి నమ్మకం కుదిరింది. ఇంత గట్టిగా కాదంటున్నారంటే గుళ్ళో చేసుకున్న పెళ్ళేమోనని జాలిపడింది. వెళుతూ, ఒట్టిమనిషి కాదు కదా అని డబ్బా నా చేతికే ఇచ్చింది. సున్నుండలు మాత్రం అమోఘంగా ఉన్నాయి.

నాన్నగారు ఆ సాయంత్రమే ముడి వెయ్యకూడదన్నారు. మర్నాడు అమ్మ పీట వేసింది. ఈసారి కొత్త కష్టం కూడా చేరింది కాబట్టి చిక్కు ఎంతకీ తెమల్లేదు. బెల్లు మోగీ మోగీ ఆగిపోయింది. నాన్నగారు సైకిలు గోడకి చేరేసి లోపలికొచ్చి, "ఇంక చాల్లే" అన్నారు. తిట్టలేదు, అరవలేదు. అందుకే నాకు భయమేసింది. తర్వాత రోజులన్నీ వీధరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరాను. బండి కూత వినిపించినప్పుడల్లా చేట కింద పెట్టేసేదాన్ని. లాబు పరీక్షలు దగ్గర పడుతున్నాయి, అవి తప్పితే ఆ ఏడు పోయినట్టే. ఆ ఏడు పోతే మళ్ళీ పంపరని నాకు ఖాయంగా తెలుసు. అంత దుఃఖం నేను తర్వాత పెద్ద పెద్ద విషయాలకి కూడా పడలేదు.

మళ్ళీ చేపల వాసన వచ్చింది. అత్తయ్య బుట్ట దింపి, నన్నూ చేటనీ చూసి, ఏమీ అడక్కుండా నాన్నగారి దగ్గరికి వెళ్ళింది.

"ఒరేయ్ తమ్ముడూ, దీనికి పెళ్ళయిందని ఎంతమంది అనుకుంటున్నార్రా?"

"అత్తిలి నుంచి కామవరపుకోట దాకా అక్కయ్యా. నిన్న సంతలో ఒకాయన నాకు తాతగారూ అని దణ్ణం పెట్టాడు."

"అయితే రేపు ఇది జడ వేసుకుని రైలెక్కితే ఏమనుకుంటారు?"

నాన్నగారు ఆలోచించారు.

"మొగుడు వదిలేశాడనుకుంటార్రా" అంది అత్తయ్య. "ఇంట్లో కూర్చోబెట్టావనుకో, అప్పుడూ అదే అనుకుంటారు. పరువు కావాలంటే దాన్ని ముడితోనే పంపాలి. రోజూ పంపాలి."

నాన్నగారు కుర్చీలో కూలబడ్డారు. లెక్క ఎటు తిప్పి చూసినా సరిపోతోంది. "మరి సంబంధాలు రావు కదా అక్కయ్యా?" అన్నారు.

"డిగ్రీ అయ్యేదాకా రాకపోతే నీకొచ్చిన నష్టం ఏంటి? వచ్చేవాళ్ళకి పెట్టే పకోడీలు మనమే తిందాం" అంది అత్తయ్య.

మర్నాడు బండి అందింది. ఆ తర్వాత ఏనాడూ తప్పలేదు. అమ్మకి పొద్దున్నే కష్టాలు చెప్పుకోడానికి తల దొరక్క, నాన్నగారికి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన ఇంకా పెందలాడే సైకిలు తీసేవారు. ముడి వల్ల వచ్చిన సుఖాలు అన్నీ ఇన్నీ కావు. స్టేషనులో వెకిలి కుర్రాళ్ళు నన్ను చూసి పక్కకి తప్పుకుని "అక్కగారూ" అనేవారు. పెట్టెలో ఎప్పుడూ నాకొక చోటుండేది. కూరగాయలావిడ మాత్రం నెలలు గడుస్తున్నా నా పొట్ట పెరగకపోవడం చూసి చాలా దిగులుపడి, చివరికి ఎవరో దేవుడికి నా తరఫున మొక్కుకుంది. మా పెట్టెలో నాతోపాటు జడలు వేసుకుని ఎక్కే పిల్లలు చాలామంది ఉండేవారు, నాకంటే తెలివైనవాళ్ళు. కైకరంలో ఎక్కే పిల్ల ఒకతి లెక్కలు నోటితోనే చేసేసేది. ఒక్కొక్కరికీ సంబంధాలు కుదిరాయి, శుభలేఖలు పంచారు, మానేశారు. వాళ్ళ సీట్లలో కొత్త జడలు వచ్చి కూర్చునేవి. నా కోసం ఎవరూ రాలేదు. అందరి చదువులూ మూడు ముళ్ళతో ఆగిపోతే, నా చదువు ఒక్క ముడితో పూర్తయింది.

డిగ్రీ అయ్యాక నాన్నగారు నిజం చెప్పి సంబంధాలు చూడబోతే, "రెండో సంబంధమా అండీ?" అని అడిగినవాళ్ళే ఎక్కువ. కడుపు ఏమైందని అడిగినవాళ్ళూ ఉన్నారు. చివరికి భీమడోలు నుంచి వచ్చిన మా ఆయన పెళ్ళిచూపుల్లో నన్ను చూసి తెల్లబోయి, "మిమ్మల్ని పాసింజర్లో రోజూ చూసేవాణ్ణండీ. మీకు పెళ్ళయిపోయిందని చాలా బాధపడ్డానండీ" అన్నారు. అంత బాధపడ్డ మనిషిని కాదనడం బాగుండదని ఒప్పుకున్నాను. నేను టీచరుద్యోగంలో చేరిన తర్వాతే ముహూర్తం పెట్టించారు మా నాన్నగారు. ఆయనకి అప్పటికి ముడి మీద గురి కుదిరింది.

పెళ్ళయ్యాక మా ఆయనతో కలిసి మొదటిసారి అత్తయ్య వాళ్ళ లంకకి వెళ్ళాను. ఆవిడ మమ్మల్ని తీసుకెళ్ళడానికి దోనెతో ఎదురొచ్చింది. చుట్టూ కిక్కిస, తామరాకులు, తెల్లగా లేచి మళ్ళీ వాలే కొంగలు. పక్క నుంచి దోనెల్లో ఆడవాళ్ళు పోతున్నారు. చూస్తూ చూస్తూ ఒకచోట నా కళ్ళు ఆగిపోయాయి. పెద్దవాళ్ళందరికీ ఆ ముడే. ఆడపిల్లలకి మాత్రం జడలే. నీళ్ళలో పడకుండా జడ నడుముకి దోపుకున్నారు, అంతే. ఒక్క పిల్లకి కూడా ముడి లేదు.

"అత్తయ్యా, ఇక్కడ కూడా పెళ్ళికాని పిల్లలు ఈ ముడి వెయ్యరా?" అన్నాను.

"ఎందుకు వేస్తారే?" అంది అత్తయ్య.

"మరి నాకు నేర్పినప్పుడు మీకు తెలియదా?"

అత్తయ్య నీళ్ళవైపు చూస్తూ కాసేపు నవ్వింది. ముడిలోంచి లవంగం తీసి బుగ్గన పెట్టుకుంది. "నన్ను అయిదో తరగతిలో ముడి వేసి బడి మానిపించార్రా అమ్మలూ. నిన్ను ముడి వేసి బడికి పంపించాను. ముడి ఒకటే కదే" అంది. నాకు ఏడుపొచ్చి లేచి ఆవిణ్ణి పట్టుకోబోయాను. దోనె ఒరిగింది, మా ఆయన కొల్లేట్లో పడ్డారు. నడుం లోతు నీళ్ళే లెండి. నెత్తి మీద నాచుతో ఆ ఊళ్ళో అడుగుపెట్టిన మొదటి కొత్తల్లుడు ఆయనే.

ఇంత చెప్పేసరికి హాసిని కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వుతోనో మరి దేనితోనో. అత్తయ్య పోయి చాలాకాలమైంది. తాటిదోనెలు పోయి ఇంజను పడవలొచ్చాయి. నీళ్ళుండే చోట చేపల చెరువుల గట్లు. కొల్లేరూ నా జుట్టూ కలిసే పలచబడ్డాయి. ఇప్పుడు ముడి వేసుకుంటే పెళ్ళయిందని ఎవరూ అనుకోరు. జడ వేసుకున్నా, జుట్టు విరబోసుకున్నా, అసలు జుట్టే లేకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. అది మంచిదే, నాకు సంతోషమే. కానీ సంబంధాలు వెనక్కి పంపే మంత్రం కూడా దాంతోపాటే పోయింది, అదొక్కటే నా బెంగ. హాసినికి అవేమీ పట్టలేదు. అటకెక్కి మా అమ్మ నాకిచ్చిన ఆ గంగాళం దింపుకొచ్చి, హాలు మధ్యలో పెట్టి, ఫోను పక్కన నేల మీద పెట్టుకుని అందులో కూర్చుంది. జుట్టు ముందుకి లాక్కుంది. మెలి పెట్టింది. మోచెయ్యి లేచింది. ఖంగుమంది.

"ఎత్తకు" అన్నాను.

మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి రెండు వేళ్ళకి చుట్టి కొస దూర్చేదాకా వచ్చింది, గంగాళం కదల్లేదు. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. సంబంధాలావిడే. హాసిని ఒక చేత్తో జుట్టు పట్టుకుని, రెండో చెయ్యి ఫోను వైపు చాపబోయి, ఆగి నావైపు చూసింది.

"ఎత్తనా అమ్మమ్మా?"

"ఎత్తకు" అన్నాను.

ఎత్తలేదు. ఫోను మోగి మోగి ఆగిపోయింది. హాసిని పెన్సిలు గుచ్చుకుని, గంగాళంలోంచి లేచి, సీటు తీసుకుంటున్నానని వాళ్ళ సారుకి చెప్పడానికి ఫోను అందుకుంది.